వత్తులు తెగకుండా ఉండాలంటే థీమ్‌లోనే చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ యువత పేజీలో ఈ మధ్య వెబ్ డెవలప్‌మెంట్ కోర్సుల మీద వచ్చిన కథనం చదివాను. రియాక్ట్ నేర్చుకోండి, యాంగ్యులర్ నేర్చుకోండి, బూట్‌స్ట్రాప్ వస్తే ఇంకా మంచిది అంటూ పెద్ద జాబితానే ఇచ్చారు. బానే ఉంది. కానీ అందులో ఎక్కడా థీమ్ ఊసు లేదు (సైట్ రంగులు, కొలతలు అన్నీ ఒక్క చోట రాసిపెట్టుకునే పద్ధతి అది), సైట్ అంతటికీ వర్తించే డిజైన్ నియమాల సెట్, అదే డిజైన్ సిస్టమ్, దాని ఊసూ లేదు. మా దగ్గరికి ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లల రెజ్యూమెల్లో కూడా ఉండదు కాబట్టి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. నేను మాదాపూర్‌లో ఫ్రంటెండ్ పని, అంటే సైట్‌లో కళ్లకి కనిపించే భాగం తయారు చేసే పని చేస్తుంటాను. అమీర్‌పేటలో కోర్సు పూర్తి చేసుకుని వచ్చిన ఫ్రెషర్‌ని ఒక బటన్ చేయమంటే చకచకా చేసేస్తాడు. ఈ నీలం ఎక్కడి నుంచి వచ్చింది బాబూ అని అడిగితే, అదే ఫైల్లో తను టైప్ చేసిన కలర్ కోడ్ చూపిస్తాడు. రేపు క్లయింట్ ఈ నీలం వద్దు, కాస్త ముదురు చేయండి అంటే ఏం చేస్తావు అని అడిగితే, ఫైండ్ అండ్ రీప్లేస్ కొడతాను సార్ అంటాడు. వాడిని అని లాభం లేదు, నేర్పినవాళ్లు అంతవరకే నేర్పారు.

ఇది ఉద్యోగాల సంగతి మాత్రమే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ని కాదు. తెలుగు వెబ్‌సైట్లు చూడ్డానికి ఇలా ఎందుకు ఉంటాయి, హెడ్డింగ్‌లో ఒక లైను వత్తు కింది లైను గుడిని ఎందుకు గుద్దుకుంటుంది, బటన్ మీద సగం మాటే ఎందుకు కనిపిస్తుంది అంటే దానికి చాలావరకు కారణం ఇక్కడే ఉంది. అది చెబుదామనే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు అసలు విషయం. వెబ్ పేజీ అంటే బటన్లు, కార్డులు, ఫారాలు, ట్యాబులు, పైన వచ్చే మెనూ. ఒక్కోదాన్ని కాంపొనెంట్ అంటాం. పాత పద్ధతిలో ప్రతి కాంపొనెంట్‌లో దాని రంగు, దాని అక్షరాల సైజు, చుట్టూ వదిలే ఖాళీ అన్నీ అక్కడికక్కడే రాసేసేవాళ్లు. సైట్ కొంచెం పెరిగేసరికి ఒకే నీలం నాలుగు రకాల నీలాలవుతుంది, ఒక చోట 14 పిక్సెళ్ల ఖాళీ, ఇంకో చోట 15, ఎందుకో ఎవరికీ తెలియదు. థీమ్ పద్ధతిలో ఈ నిర్ణయాలన్నీ ఒక్క చోట ఉంటాయి. రంగులు, ఫాంట్లు, సైజులు, లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు), ఖాళీల కొలతలు, మూలలు ఎంత గుండ్రంగా ఉండాలి, నీడ ఎంత పడాలి, ఫోన్ తెర ఎక్కడ ముగిసి ట్యాబ్లెట్ ఎక్కడ మొదలవుతుంది, అన్నీ. కాంపొనెంట్ తనంతట తాను ఏదీ నిర్ణయించుకోదు, థీమ్‌ని అడిగి తెచ్చుకుంటుంది. టైలర్ దగ్గర కొలతల పుస్తకం ఉంటుంది చూడండి, గుడ్డ ఏదైనా, కుట్టేది ఎవరైనా కొలత మాత్రం ఆ పేజీలోంచే తీస్తారు, మనిషి లావైతే ఆ ఒక్క పేజీ దిద్దుతారు. అంతే ఇది కూడా.

రియాక్ట్ వాళ్లు ఎక్కువగా వాడే ఎంయూఐ అనే రెడీమేడ్ కాంపొనెంట్ల లైబ్రరీలో క్రియేట్‌థీమ్ అని ఒక ఫంక్షన్ ఉంటుంది, అందులో ఖాళీల యూనిట్ మామూలుగా 8 పిక్సెళ్లు. నువ్వు కాంపొనెంట్‌లో స్పేసింగ్ 2 అని రాస్తే 16 వస్తుంది. రేపు సైట్ మొత్తం కాస్త బిగుతుగా కావాలంటే ఆ 8 తీసి 6 పెడితే చాలు. థీమ్ యూఐ అనే లైబ్రరీ పేరులోనే థీమ్ ఉంది. టెయిల్‌విండ్ అనే ఇంకో పనిముట్టు కూడా 2025 జనవరిలో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి థీమ్‌ని నేరుగా సీఎస్ఎస్‌లోనే, అంటే పేజీ రూపం ఎలా ఉండాలో బ్రౌజర్‌కి చెప్పే భాషలోనే రాసుకోమంటోంది. లైబ్రరీ ఏదైనా కింద ఉన్న ఆలోచన ఒకటే.

అసలు లైబ్రరీలే అక్కర్లేదు కూడా. 1996లో సీఎస్ఎస్ మొదటి ప్రమాణం వచ్చినప్పుడు అందులో వేరియబుల్స్, అంటే ఒక విలువకి పేరు పెట్టి ఎక్కడైనా ఆ పేరుతో వాడుకునే సదుపాయం లేదు. అందుకే సీఎస్ఎస్‌ని తయారు చేసిపెట్టే సాస్ లాంటి పనిముట్లు పుట్టాయి, కానీ వాటి వేరియబుల్స్ బ్రౌజర్‌కి చేరేలోపే కరిగిపోయి మామూలు విలువలైపోతాయి. కస్టమ్ ప్రాపర్టీస్ అని బ్రౌజర్‌కే అర్థమయ్యే వేరియబుల్స్ 2014లో ఫైర్‌ఫాక్స్‌లోకి, 2016లో క్రోమ్, సఫారీల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి పేజీ తెరిచి ఉండగానే థీమ్ మార్చడం తేలికైంది. మీరు ఫోన్లో డార్క్ మోడ్ నొక్కగానే సైట్ మొత్తం క్షణంలో నల్లబడుతుందంటే చాలా చోట్ల దాని వెనక ఉన్నది ఇదే. ఇంకో ముచ్చట, ఆ వేరియబుల్స్ పేర్లు తెలుగు లిపిలో కూడా పెట్టుకోవచ్చు, బ్రౌజర్ ఏమీ అనదు, టీమ్‌లో పక్కవాడే అంటాడు.

పేర్లు పెట్టడం దగ్గరే సగం పని ఉంది. రంగుకి నీలం అని పేరు పెట్టడం వేరు, ముఖ్యమైన బటన్ రంగు అని పెట్టడం వేరు. మన మెట్రోలో ఎరుపు అంటే మియాపూర్ నుంచి ఎల్బీ నగర్, అదే బ్యాంకు పేజీలో ఎరుపు అంటే పేమెంట్ ఫెయిలైంది. కాబట్టి థీమ్‌లో కనీసం రెండు అంతస్తులుండాలి. కింద ఉత్త రంగులు, పైన వాటి పనులు. కాంపొనెంట్ ఎప్పుడూ పై అంతస్తునే అడగాలి. ఇది పాటించని ఒక ప్రాజెక్టు కోడ్ చూశాను, వేరియబుల్ పేరు తెలుపు, డార్క్ మోడ్‌లో దాని విలువ నలుపు! కొత్తగా చేరినవాడు అది చదివితే వాడి పరిస్థితేంటో మీరే ఊహించుకోండి. ఇలా పనిని బట్టి పేరు పెట్టిన విలువల్ని డిజైన్ టోకెన్లు అంటారు, ఆ మాట సేల్స్‌ఫోర్స్ టీమ్ నుంచి వచ్చింది. డిజైన్లు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌లో డిజైనర్ పెట్టిన పేరు, కోడ్‌లో డెవలపర్ పెట్టిన పేరు ఒకటే అయితే సగం మీటింగులు తగ్గుతాయని నా అభిప్రాయం.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం.

ఈ లైబ్రరీలన్నిటికీ డీఫాల్ట్ థీమ్ ఒకటి వస్తుంది, అది ఇంగ్లిష్ అక్షరాన్ని ఊహించుకుని చేసింది. ఎంయూఐలో పెద్ద హెడ్డింగ్‌కి లైన్ హైట్ 1.167. ఇంగ్లిష్‌కి చక్కగా సరిపోతుంది. మన అక్షరానికి పైన గుడులు, ఎత్వాలు, కింద వత్తులు, ఒక్కోసారి వత్తు మీద వత్తు. రాష్ట్రం అని రాసి చూడండి, ష కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు. స్త్రీ అన్నా అంతే. అలాంటి మాట మొదటి లైన్లో ఉండి దాని కిందే గుడి దీర్ఘం ఉన్న అక్షరం వచ్చిందంటే రెండూ కొట్టుకోవడం ఖాయం. ఇది హెడ్డింగుల్లో వికారంగా ఉంటుంది అంతే, చదవగలుగుతాం. బటన్లలో, టేబుళ్లలో అసలు చిక్కు. అక్కడ ఎత్తు ఇంత అని బిగించేసి, మించింది కనబడకుండా కత్తిరించేస్తారు. వత్తు తెగిపోయాక మొత్తం కాస్తా మొతం అవుతుంది, రద్దు రదు అవుతుంది, అప్పు అపు అవుతుంది. డబ్బులు కట్టే పేజీలో ఇది చదువుకునే పెద్దాయన టెన్షన్ పడడా?

దీనికి మనవాళ్లు చేసే రిపేరు చూస్తే నవ్వొస్తుంది. టెస్టింగ్‌లో ఎవరో ఒక స్క్రీన్‌షాట్ పంపుతారు, ఆ ఒక్క బటన్‌కి కింద రెండు పిక్సెళ్లు ప్యాడింగ్ (లోపలి ఖాళీ) పెంచుతారు, మిగతా రూల్స్‌ని తోసేసి ఇదే చెల్లాలని దాని మీద ఒక ఇంపార్టెంట్ కొడతారు, బగ్ క్లోజ్. మర్నాడు ఇంకో బటన్. అలా పట్టీలు వేసుకుంటూ పోతే కొన్నాళ్లకి ఏ పట్టీ ఎందుకు వేశారో గుర్తుండదు, ఒకటి పీకితే ఇంకోటి విరుగుతుంది. అదే థీమ్‌లో అయితే, పేజీ భాష తెలుగు అని పైన ఒక్క మాట రాసి ఉంటే చాలు, భాష తెలుగైనప్పుడు మామూలు అక్షరాలకి లైన్ హైట్ 1.7, హెడ్డింగ్‌కి 1.45 అని ఒక్క చోట రాస్తాం, కాంపొనెంట్లన్నీ దాన్నే తీసుకుంటాయి. ఈ అంకెలు నా అనుభవంలో కుదిరినవి, ఫాంట్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. బటన్‌కి కచ్చితమైన ఎత్తు బదులు కనీస ఎత్తు, పైనా కిందా ప్యాడింగ్ పెడితే వత్తు తనకి కావాల్సిన చోటు తనే తీసుకుంటుంది. వెడల్పు కూడా అంతే. ఇంగ్లిష్‌లో సబ్మిట్ అని ఆరు అక్షరాల్లో అయిపోయేది మన దగ్గర సమర్పించండి అవుతుంది, దానికి 80 పిక్సెళ్ల డబ్బా కడితే ఎలా.

ఫాంట్ల గొడవ ఇంకోటి. 16 పిక్సెళ్లు అని రాసినంత మాత్రాన తెలుగు ఫాంట్లన్నీ ఒకే సైజులో కనబడవు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, ఎన్టీఆర్, రామభద్ర అన్నీ అందంగానే ఉంటాయి, కానీ ఒకదాని బదులు ఇంకోటి పెడితే అక్షరం సైజు మారుతుంది, లైను ఎత్తు మారుతుంది, పేజీ లేఅవుట్ కదిలిపోతుంది. పైగా వీటిలో ఒకే వెయిట్ ఉంటుంది, అంటే బోల్డ్ వేరేగా ఉండదు. థీమ్‌లో 700 వెయిట్ అని రాసి ఉంటే బ్రౌజర్ తనే అక్షరం గీతల్ని లావు చేసి దొంగ బోల్డ్ తయారు చేస్తుంది, అప్పుడు ఘ, శ, ఠ లాంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోయి చిన్న సైజులో మచ్చల్లా కనిపిస్తాయి. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు లాంటి వాటిలో సన్నం నుంచి లావు దాకా నిజమైన వెయిట్లు ఉన్నాయి, మామూలు అక్షరాలకి అవి పెట్టుకుని హెడ్డింగుకి రామభద్ర వాడుకోమనండి, ఎవరొద్దన్నారు. ఇటాలిక్ సంగతి చెప్పనే అక్కర్లేదు, మన లిపిని పక్కకి వాల్చితే చదివేవాడి మెడ వాలుతుంది తప్ప ఉపయోగం లేదు, తెలుగు థీమ్‌లో ఆ పనికి రంగో వెయిట్టో పెట్టాలి.

ఇంగ్లిష్‌లో బటన్ మీద అన్నీ క్యాపిటల్స్ చేసి ఇది ముఖ్యం అని చెబుతారు, ఎంయూఐ బటన్ అయితే డీఫాల్ట్‌గానే క్యాపిటల్స్. మనకి క్యాపిటల్స్ లేవు. అంటే ఆ ముఖ్యం అనే సంగతి తెలుగు బటన్‌లో మాయమైపోయినట్టే. దాని స్థానంలో ఏం పెట్టాలో ఎవరూ ఆలోచించరు, ఎందుకంటే డిజైన్ ఇంగ్లిష్‌లో అప్రూవ్ అయిపోయాక, రిలీజ్‌కి ముందు తెలుగు అనువాదం తెచ్చి అందులో పోస్తారు.

పెద్ద కంపెనీలు కూడా దీనికి మినహాయింపేం కాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞాకి సంబంధించిన ఒక్క తెలుగు అక్షర సముదాయం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి దాన్ని సరిచేసింది. అది థీమ్ సమస్య కాదు, అక్షరాల్ని తెర మీద పేర్చే సాఫ్ట్‌వేర్‌లో లోపం. కానీ వత్తులున్న మాటలతో ముందే పరీక్షించుకోవాలనే ఆలోచన ఎంత అరుదో దాంతో తెలిసింది.

హైదరాబాద్‌లో ఉండి తెలుగు ఒక్కదాని గురించే మాట్లాడితే అది కూడా తప్పే. తెలంగాణలో 2017 చివర్లో ఉర్దూని రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశారు. ఉర్దూ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, నస్తాలీఖ్ అనే వాలు రాత ఫాంట్ పెడితే దానికి మనకన్నా ఎక్కువ లైన్ హైట్ కావాలి. కాంపొనెంట్‌లో ఎడమ మార్జిన్ 16 అని రాసేస్తే ఉర్దూ పేజీలో ఐకాన్ ఒక పక్క, ఖాళీ ఇంకో పక్క ఉంటాయి. ఎడమ, కుడి అనకుండా మొదలు, చివర అని చెప్పే లాజికల్ ప్రాపర్టీస్ సీఎస్ఎస్‌లో ఉన్నాయి. మూడు లిపుల్లో నడవాల్సిన సైట్‌కి థీమ్ లేకుండా పని మొదలెట్టడం అంటే ఒకే పని మూడుసార్లు చేయడమే.

రంగుల విషయంలో ఒక్క మాట, అది మీకు కూడా వర్తిస్తుంది. వార్తల సైట్లలో తేదీ, ఫొటో కింద క్యాప్షన్ లేత బూడిద రంగులో వేయడం ఫ్యాషనైపోయింది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద 999 కోడ్ బూడిద రంగుకి కాంట్రాస్ట్ నిష్పత్తి, అంటే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కొలత, 2.85 మాత్రమే. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి. అదే రంగుని 767676 దాకా ముదురు చేస్తే 4.54 వస్తుంది, అంటే గట్టెక్కుతుంది. మే నెల ఎండలో బస్టాప్‌లో నిలబడి ఫోన్లో చదివేవాళ్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది. థీమ్ ఉంటే ఇది ఒక్క విలువ మార్చే పని, లేకపోతే ఎన్ని ఫైళ్లలో 999 ఉందో వెతుక్కోవాలి, అందులో కొన్ని మళ్లీ 9a9a9a అని ఉంటాయి.

అన్నిటికీ ఇదే మందు అనను. టిఫిన్ సెంటర్‌కి ఒక పేజీ సైట్ చేసేవాడికి ఎంయూఐ ఎందుకు, పైన నాలుగు వేరియబుల్స్ రాసుకుంటే అయిపోతుంది. ఇంకో రకం పిచ్చి కూడా ఉంది, డిజైన్ సిస్టమ్ కడుతున్నాం అని నెలల తరబడి టోకెన్లకి పేర్లు పెట్టుకుంటూ కూర్చుంటారు, వందల టోకెన్లు పుడతాయి, అసలు ప్రోడక్ట్ మాత్రం బయటికి రాదు. థీమ్ వాడితే సైట్లన్నీ ఒకేలా ఉంటాయని ఇంకొందరి కంప్లయింట్. ఒకేలా ఉంటున్నది థీమ్ వల్ల కాదండీ, డీఫాల్ట్ థీమ్‌ని ఎవరూ ముట్టుకోకపోవడం వల్ల.

ప్రభుత్వం తలచుకుంటే ఇది కష్టమేం కాదు. బ్రిటన్ ప్రభుత్వం తన డిజైన్ సిస్టమ్‌ని 2018లో బయట పెట్టింది, ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. అమెరికా వాళ్లది 2015 నుంచి ఉంది. మన కేంద్రం కూడా 2025లో ప్రభుత్వ సైట్లన్నీ ఒక పద్ధతిలో ఉండాలని డిజిటల్ బ్రాండ్ ఐడెంటిటీ మాన్యువల్ తెచ్చింది. మంచిదే. అయితే తెలుగు వత్తుకి ఎంత చోటు కావాలో ఢిల్లీలో కూర్చుని ఎవరూ లెక్క తేల్చరు, అది ఇక్కడివాళ్లే చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలు కలిసో విడిగానో ఒక తెలుగు థీమ్ తయారు చేసి అందరికీ ఉచితంగా పెట్టొచ్చు. వెబ్‌సైట్ టెండర్లలో తెలుగు పేజీలు దానికి తగ్గట్టు ఉండాలి అని ఒక షరతు రాయొచ్చు. తెలుగులో అందుబాటులో ఉండాలి అని మాత్రమే రాస్తే కాంట్రాక్టర్ అనువాదం అతికించి బిల్లు పెట్టుకుంటాడు. కోచింగ్ సెంటర్లవాళ్లు కూడా చివరి వారం ప్రాజెక్టుగా మళ్లీ అదే షాపింగ్ కార్ట్ చేయించే బదులు, ఒక చిన్న పేజీ ఇచ్చి కాంపొనెంట్ ఫైల్ ముట్టుకోకుండా దాన్ని తెలుగులోకి, డార్క్ మోడ్‌లోకి మార్చమంటే పిల్లలకి విషయం అదే ఎక్కుతుంది.

ఇక మీకు నా విన్నపం. ఏ ఫాంట్‌కి ఏ పాయింట్ సైజులో లైనుకీ లైనుకీ మధ్య ఎంత వదలాలో, రెండు లైన్ల హెడ్డింగ్‌లో వత్తులు కొట్టుకోకుండా మాట ఎక్కడ విరవాలో మీ ఆఫీసులో పేజీలు పెట్టేవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. తెలుగు పత్రికల్లో ఈ లెక్క కంప్యూటర్లు రాకముందు నుంచీ ఉంది. మీ వెబ్‌సైట్ టీమ్, మీ పేజినేషన్ డెస్క్ ఒకే బిల్డింగ్‌లో ఉండి కూడా ఈ సంగతి మాట్లాడుకున్నట్టు మీ సైట్ చూస్తే అనిపించదు, ఈ మాటకి కోపం తెచ్చుకోకండి. ఇద్దర్నీ ఒక పూట కూర్చోబెట్టి ఆ కొలతల్ని థీమ్ ఫైల్‌గా రాయించి బయట పెడితే, మీ పోటీ పత్రికలతో సహా తెలుగులో సైట్ చేసే ప్రతివాడూ వాడుకుంటాడు. పరీక్షించడానికి రాష్ట్రం, స్త్రీ, జ్ఞానం, కృత్రిమం, ఉద్యోగార్థులు, దృష్ట్యా, సమర్పించండి లాంటి మాటలతో నేను పెట్టుకున్న చిన్న పేజీ ఒకటుంది, అడిగితే కోడ్‌తో సహా పంపిస్తాను.

ఇట్లు,
ఒక ఫ్రంటెండ్ డెవలపర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్